చెయ్యి పట్టుకుంటే నడుస్తారు, వదిలితే దిగిపోతారు: ప్రాథమిక తరగతుల పిల్లలకు బ్యాలెన్స్ నేర్పే వరుస ఏమిటి?

పెరంబూరు టీచర్

అందరికీ నమస్కారం. నేను చెన్నైలో పెరంబూరు వైపున్న ఒక ప్రైవేటు పాఠశాలలో ఒకటి నుంచి ఐదో తరగతి వరకు పి.టి. టీచరుగా పనిచేస్తున్నాను. మా పిల్లల్లో చాలామంది ఇళ్లలో తెలుగు మాట్లాడేవారే, మిగిలినవారు తమిళ పిల్లలు. ఈ సంవత్సరం వారానికి రెండు పీరియడ్లు జిమ్నాస్టిక్స్‌కు కేటాయించారు. కళాశాలలో దాన్ని ఒక పేపరుగా చదివాను గాని నా ఆట వాలీబాల్. అందువల్ల ఆరేడేళ్ల పిల్లలకు బ్యాలెన్స్‌ను ఎక్కడ మొదలుపెట్టి ఎలా ముందుకు తీసుకువెళ్లాలో తెలిసినవారి సలహా కోరుతున్నాను.

తరగతికి 36 మంది పిల్లలు, పీరియడ్ 40 నిమిషాలు. మా దగ్గర రెండు పొడవాటి చెక్క బెంచీలు, నాలుగు మ్యాట్లు ఉన్నాయి. వీటికి తోడు మా కరస్పాండెంట్ గారు ఈమధ్య ఒక పాత బీమ్ (జిమ్నాస్టిక్స్‌లో మీద నడిచే సన్నని పొడవాటి దూలం) కొన్నారు. అది పోటీల కొలతదే: 5 మీటర్ల పొడవు, 10 సెంటీమీటర్ల వెడల్పు, కాళ్లు పూర్తిగా ఎత్తితే నేల నుంచి 125 సెంటీమీటర్ల ఎత్తు. కాళ్లు తీసేసి నేలమీద పరిచే వీలు కూడా ఉంది.

నా ఇబ్బంది ఇది. బెంచీ మీద నేను చెయ్యి పట్టుకుని నడిపిస్తే రెండో తరగతి పిల్లలు ఈ చివర నుంచి ఆ చివరకు చక్కగా నడుస్తున్నారు. చెయ్యి వదలగానే రెండడుగులు వేసి దిగిపోతున్నారు, కొందరైతే అసలు కదలరు. ఎన్ని వారాలు నడిపించినా ఇందులో మార్పు కనిపించడం లేదు. పైగా ఒక బిడ్డను నడిపిస్తున్నంతసేపూ మిగిలిన 35 మంది వరుసలో నిలబడి అల్లరి చేస్తున్నారు. మూడో తరగతిలో ఒక పాప నేలమీద కూడా ఒంటికాలిపై నిలవలేకపోతోంది. ఇంకో బాబుకు అరికాళ్లు చదునుగా ఉన్నాయని, వాడికి ఈ ఆట పనికిరాదని వాళ్ల అమ్మగారు గట్టిగా నమ్ముతున్నారు.

ఫిబ్రవరిలో వార్షికోత్సవం ఉంది. అప్పటికి పూర్తి ఎత్తు బీమ్ మీద నడకను, మూడంతస్తుల పిరమిడ్‌ను చూపించాలని కరస్పాండెంట్ గారి కోరిక. ఆయనకు ఏమని చెప్పాలో కూడా దయచేసి సూచించండి.

విల్లివాక్కం మాస్టారు

అమ్మా, మీ ప్రశ్నలోనే సగం జవాబు ఉంది. మీరు చెయ్యి పట్టుకున్నప్పుడు నిలదొక్కుకుంటున్నది పిల్లవాడు కాదు, మీరు. వాడు పక్కకు ఒరిగిన ప్రతిసారీ మీ భుజం ఆ ఒరుగుదలను సరిచేస్తోంది, వాడి చీలమండకూ తుంటికీ ఆ పని చేసే అవసరమే రావడం లేదు. వారాల తరబడి అలా నడిపిస్తే వాడు బాగా నేర్చుకునేది మీ చేతిమీద ఆనుకోవడమే. బ్యాలెన్స్ అంటే కదలకుండా నిలబడడమని చాలామంది అనుకుంటారు. నిజానికి ఒంటికాలిపై నిలబడిన మనిషి ఎప్పుడూ కొద్దికొద్దిగా ఊగుతూ, ఆ ఊగుడును దిద్దుకుంటూనే ఉంటాడు. ఊగే అవకాశం ఇవ్వనిదే దిద్దుకోవడం రాదు. కాబట్టి మనం ఏర్పాటు చేయవలసింది ఊగినా, దిగిపోయినా దెబ్బ తగలని చోటు.

ఆ చోటు నేల. బీమ్‌కు రెండు కష్టాలు ఉన్నాయి, వెడల్పు తక్కువ, ఎత్తు ఎక్కువ. వీటిలో నైపుణ్యానికి పరీక్ష పెట్టేది వెడల్పే, ఎత్తు తెచ్చిపెట్టేది ప్రధానంగా భయం. సుద్దముక్కతో నేలమీద 10 సెంటీమీటర్ల వెడల్పున రెండు సమాంతర గీతలు గీస్తే ఒలింపిక్ బీమ్ పైభాగం మీ వరండాలోకి వచ్చినట్టే. అటువంటివి పన్నెండు గీస్తే ఒక్కోదానికి ముగ్గురు పిల్లలు సరిపోతారు, మీ వరుస సమస్య కూడా అక్కడే తీరిపోతుంది. గీతల మధ్య ముందుకు, వెనుకకు, పక్కవాటుగా, మునివేళ్లపై నడిపించండి. అది కుదిరాక బెంచీ వెడల్పు వైపు, ఆ తర్వాత నేలమీద పరిచిన బీమ్, ఆపైన మోకాలి కంటే తక్కువ ఎత్తు. నేను పట్టుదలగా పాటించే నియమం ఒకటే: వెడల్పు తగ్గించిన రోజు ఎత్తు పెంచను, ఎత్తు పెంచిన రోజు కొత్త అంశం నేర్పను.

ఇక చెయ్యి సంగతి. ఒక్కసారిగా వదిలేయకుండా, మీరు పట్టుకునే పద్ధతి మార్చండి. మీ అరచెయ్యి పైకి తెరిచి ఉంచితే వాడు తన వేళ్లు దానిమీద ఆనిస్తాడు; పట్టు వాడిది, మీది కాదు. తర్వాత మీ ఒక్క వేలు మాత్రమే ఇవ్వండి. ఆ తర్వాత ఒక చేతిరుమాలు తీసుకుని, ఒక కొన మీరు, ఒక కొన వాడు పట్టుకుని, మధ్యలో గుడ్డ వదులుగా వేలాడేటట్టు నడవండి. వదులు గుడ్డ ఎవరి బరువూ మోయదు, అయినా పిల్లలు దానితో ధైర్యంగా నడుస్తారు. అది కూడా తీసేశాక వాడికి అర అడుగు వెనుకగా, పక్కనే నడవండి. ముందు నిలబడి చేతులు చాచి పిలిస్తే పిల్లవాడు త్వరగా మిమ్మల్ని చేరుకోవాలని పరుగెత్తుతాడు.

అన్నింటికంటే ముందు నేర్పవలసింది దిగడం. మొదటి రోజునే బెంచీ ఎక్కించి, నడవనివ్వకుండా, దిగడం ఒక్కటే చేయించండి. పాదాలు తుంటి వెడల్పున ఎడంగా, మోకాళ్లు వంగి, చేతులు ముందుకు చాచి, మ్యాట్ మీద మెత్తగా వాలి, కదలకుండా నిలవాలి. తూలినప్పుడు బీమ్‌ను వాటేసుకోకుండా పక్కకు దూకి దిగిపోవడం మంచిదని వారికి స్పష్టంగా చెప్పండి. దిగడం చేతనైన పిల్లవాడు నడకలో సగం భయం వదిలేస్తాడు. 2024 పారిస్ ఒలింపిక్స్ బీమ్ ఫైనల్‌లో అమెరికా జిమ్నాస్టులు సిమోన్ బైల్స్, సునీసా లీ ఇద్దరూ బీమ్ మీద నుంచి పడ్డారు. స్వర్ణం ఇటలీకి చెందిన అలీస్ డామాటో గెలుచుకున్నారు. పడినందుకు ఒక పాయింటు పోతుంది, తిరిగి ఎక్కడానికి 10 సెకన్ల వ్యవధి ఇస్తారు. పోటీ నిబంధనల్లోనే పడడానికి చోటు ఉందని పిల్లలకు చెబితే వాళ్లకు ఎంత ఊరటగా ఉంటుందో చూడండి.

చూపు గురించి ఒక మాట. పిల్లలు పాదాలవైపు చూస్తారు, తల వంగుతుంది, దానితో నడుమూ ముందుకు వంగుతుంది. బీమ్ అవతలి చివరన ఒక రంగు చుక్క అతికించి దాన్ని చూడమనండి. తలమీద చింతగింజలు నింపిన చిన్న గుడ్డసంచి పెట్టి, అది పడకుండా నడవమన్నా చాలు. "మెడ నిటారుగా ఉంచు, నడుము బిగించు" అని పదిసార్లు అరిచేకంటే సంచి ఆ పని తొందరగా చేస్తుంది. శరీర భాగాల పేర్లు చెప్పి దిద్దడం కంటే, బయట ఉన్న ఒక వస్తువు మీద మనసు పెట్టించడం చిన్నపిల్లలకు బాగా పనిచేస్తుందని నా గట్టి అభిప్రాయం.

చదునైన అరికాళ్ల విషయంలో ఆ తల్లిగారికి మన దేశపు జిమ్నాస్ట్ దీపా కర్మాకర్ పేరు చెప్పండి. అగర్తలాలో ఆమె సాధన మొదలుపెట్టినప్పుడు ఆమెవి చదునైన పాదాలే. 2016 రియో ఒలింపిక్స్ వాల్ట్ (పరుగెత్తి వచ్చి పరికరం మీదుగా దూకే అంశం) ఫైనల్‌లో ఆమె నాలుగో స్థానంలో నిలిచారు, 0.150 పాయింట్ల తేడాతో కాంస్యం తప్పింది. మన తెలుగువారిలోనే చూపించాలంటే హైదరాబాదు అమ్మాయి బుద్దా అరుణారెడ్డి ఉన్నారు, 2018లో మెల్‌బోర్న్ ప్రపంచ కప్‌లో వాల్ట్‌లో కాంస్యం సాధించారు. అయితే ఆమెను పాదాల వాదనలోకి లాగకండి. ఆడపిల్లలకు ఈ ఆట ఎందుకని ఎవరైనా అడిగితే అప్పుడు చెప్పండి.

అడయారు ఫిజియో

టీచర్ గారికి నమస్కారం. మాస్టారు చెప్పిన వరుసతో నేను ఏకీభవిస్తున్నాను. పిల్లలతో పనిచేసే ఫిజియోథెరపిస్టుగా, ఒకటో తరగతికీ ఐదో తరగతికీ ఒకే పాఠం ఎందుకు పనికిరాదో వివరిస్తాను.

మనం నిలదొక్కుకోవడానికి మెదడుకు మూడు వైపుల నుంచి సమాచారం అందుతుంది. మొదటిది కన్ను. రెండోది లోపలి చెవి. అక్కడి మూడు అర్ధవృత్తాకార నాళికలు తల తిరుగుడును, వాటి పక్కనే ఉన్న రెండు చిన్న సంచులవంటి భాగాలు తల ఒరగడాన్ని, ముందుకు వెనుకకు కదలడాన్ని గుర్తిస్తాయి. మూడోది అరికాలి చర్మం, కండరాలు, కీళ్ల నుంచి వచ్చే స్పర్శ. ఆరేళ్ల పిల్లలు వీటిలో కంటిమీదే ఎక్కువగా ఆధారపడతారు. సుమారు ఏడు నుంచి పదేళ్ల మధ్య ఈ మూడింటినీ కలిపి వాడుకోవడం, ఒకటి మోసం చేస్తే ఇంకొకదానిని నమ్మడం క్రమంగా మెరుగుపడుతుంది. అది పెద్దల స్థాయికి చేరడానికి కౌమారం దాకా పడుతుంది. అందువల్ల ఒకటి రెండు తరగతుల పిల్లలు పాదాలవైపు చూస్తే వెంటనే మందలించవద్దని నా మనవి. కాలు ఎక్కడ పడుతున్నదో చూసి నిర్ధారించుకోవడం ఆ వయసుకు సహజం. గీత మీద కొన్నాళ్లు చూడనిచ్చి, పాదంతోనే గీతను పసిగట్టడం అలవాటయ్యాక చివర ఉన్న చుక్క వైపు చూపు మళ్లించండి.

ఇందుకు పాదాలు వట్టివిగా ఉండాలి. సాక్సుతో స్పర్శ తగ్గుతుంది, నున్నని మొజాయిక్ నేలమీద జారిపోతారు కూడా. మన ఊరి ఉక్కపోతలో పాదాలకు చెమట పట్టి మ్యాట్ మీద జారడం మరో సమస్య కనుక, పక్కన ఒక పొడి తువ్వాలు పెట్టి, బెంచీ ఎక్కేముందు తుడుచుకోవడం అలవాటు చేయండి. మేడమీద ఎండలో కాలిన నేల అయితే అసలే వద్దు.

వేలి కొనతో తాకించే పద్ధతి గురించి మాస్టారు చెప్పినదానికి బలమైన కారణం ఉంది. ఆ తాకిడి బరువును మోయకపోయినా, శరీరం ఎటు ఒరుగుతోందో వేలు మెదడుకు చెబుతుంది, ఊగుడు తగ్గుతుంది. కళ్లు మూసుకుని ఒంటికాలిపై నిలబడడం మూడో తరగతి నుంచి నేలమీద, గోడకు దగ్గరగా మాత్రమే చేయించండి. బెంచీ మీద ఎప్పుడూ వద్దు. పిల్లలకు ఊగుడు, దిద్దుబాటు అర్థం కావాలంటే అరచేతిమీద ఒక పొడవాటి కర్రను నిలబెట్టమనండి. కర్ర పడకుండా ఉండాలంటే అరచెయ్యి కదులుతూనే ఉండాలని అప్పుడు వాళ్లే కనిపెడతారు. పొట్టి కర్ర కంటే పొడవాటి కర్ర నెమ్మదిగా ఒరుగుతుంది, కాబట్టి అదే సులువు.

మూడో తరగతి పాప విషయం వేరుగా చూడాలి. ఐదేళ్లు నిండేసరికి చాలామంది పిల్లలు ఒంటికాలిపై 10 సెకన్ల దాకా నిలవగలుగుతారు, కాబట్టి ఎనిమిదేళ్ల పాప నేలమీద నిలవలేకపోతే దానిని బద్ధకమనో భయమనో తీసిపారేయవద్దు. వెనుక నుంచి పిలిస్తే పలుకుతోందా, తరచు జలుబు చేస్తోందా అని ముందు గమనించండి. చెవిపొర వెనుక నీరు చేరిన పిల్లల్లో వినికిడితో పాటు బ్యాలెన్స్ కూడా దెబ్బతినవచ్చు, చికిత్స చేస్తే మెరుగవుతుంది. కంటి పరీక్ష కూడా అవసరం. గుండీలు పెట్టుకోవడం, బంతి పట్టుకోవడం, రాయడం వంటి పనులన్నింటిలోనూ తడబాటు ఉంటే అది కదలికల సమన్వయానికి సంబంధించిన ఇబ్బంది కావచ్చు. అటువంటి బిడ్డకు పని చిన్న చిన్న ముక్కలుగా చేసి నేర్పాలి. వీటన్నింటికంటే అత్యవసరమైనది ఒకటుంది. నిన్నటిదాకా బాగా నడిచిన బిడ్డ ఈమధ్యే తూలడం మొదలుపెట్టినా, ఉదయాన్నే తలనొప్పి, వాంతులు ఉన్నా, తల ఎప్పుడూ ఒకవైపే వంచి ఉంచినా, ఆలస్యం చేయకుండా తల్లిదండ్రులను పిలిచి వైద్యుని వద్దకు పంపించండి.

చదునైన అరికాళ్ల గురించి: చిన్నపిల్లల్లో పాదపు వంపు కనిపించకపోవడం మామూలే, పెరిగేకొద్దీ చాలామందిలో ఏర్పడుతుంది. మునివేళ్లపై లేచినప్పుడు వంపు కనిపిస్తే, నొప్పి లేకపోతే, ఆ బాబును ఆటలకు దూరం పెట్టవలసిన పని లేదు.

మైలాపూరు నాట్యం

నేను జిమ్నాస్టిక్స్ తెలిసినదాన్ని కాను. మైలాపూరులో పిల్లలకు కూచిపూడి నేర్పుతున్నాను. వెంపటి చినసత్యం గారు 1963లో ఈ ఊరిలో కూచిపూడి ఆర్ట్ అకాడమీ స్థాపించిన నాటినుంచి మద్రాసు తెలుగు ఇళ్లలో ఈ నాట్యానికి ప్రత్యేక స్థానం ఉంది కనుక, మీ పిల్లల్లో కొందరైనా తరంగం చూసే ఉంటారు. ఇత్తడి పళ్లెం అంచుమీద పాదాలు పెట్టి, పళ్లెంతో సహా కదులుతూ, కొన్నిసార్లు తలపై నీళ్ల చెంబుతో చేసే నాట్యం అది. చూసినవారందరూ పళ్లెం గురించే మాట్లాడుకుంటారు గాని, పళ్లెం ఎక్కించేముందు ఏళ్ల తరబడి నేలమీద అడవులు, అంటే నాట్యంలోని ప్రాథమిక అడుగులు, చేయిస్తాం. అరమండిలో మోకాళ్లు వంచి నిలబడినప్పుడు శరీరపు బరువు కిందికి దిగుతుంది, నిలకడ పెరుగుతుంది. బెంచీ మీద వణుకుతున్న పిల్లవాడికి "కొంచెం కూర్చున్నట్టు వంగు" అని చెప్పి చూడండి, వెంటనే తేడా కనిపిస్తుంది.

నా అనుభవంలో మీకు ఉపయోగపడగలది నడక వేగం. పిల్లలు గీత మీద గబగబా నడిచేసి వచ్చేసిందని అనుకుంటారు. వేగంగా నడిస్తే ఒంటికాలిపై ఉండే సమయం చాలా తక్కువ కనుక అసలు పరీక్ష జరగనే లేదు. నేను తాళం వేస్తూ మొదట మధ్యమ కాలంలో, తర్వాత విలంబంలో, అంటే ఇంకా నెమ్మదిగా, నడిపిస్తాను. "త-క-ధి-మి" పూర్తయ్యేదాకా రెండో కాలు గాలిలోనే ఉండాలి. చివరి అక్షరం మీద కాలు దించుతారు. 36 మంది ఒకేసారి చేయవచ్చు, ఎవరూ వరుసలో ఊరికే నిలబడనక్కరలేదు.

చూపు ఒక్కచోటే నిలపడం మొదట్లో సరే. కాని తరంగంలో పాదాలు పళ్లెం మీద ఉండగా కళ్లు చేతుల వెంట తిరుగుతూనే ఉంటాయి. కొన్నాళ్లు గడిచాక గీత మీద నడుస్తూ తల కుడికి, ఎడమకు తిప్పడం, మీరు ఎత్తి చూపిన వేళ్లెన్నో చెప్పడం వంటివి చేర్చకపోతే ఆ నైపుణ్యం చుక్క ఉన్నచోట మాత్రమే పనిచేస్తుందని నా భావన.

మరో మాట. తొక్కుడుబిళ్ల కంటే మంచి బ్యాలెన్స్ పాఠం ఏ పరికరంతోనూ రాదు. ఒంటికాలిపై గెంతడం, గీత తొక్కకుండా వాలడం, ఆ కాలిమీదే వంగి బిళ్ల తీయడం, మళ్లీ లేవడం. ఇవన్నీ మీ ఆటలోని అంశాలే కదా? తమిళ పిల్లలు దాన్నే పాండి అంటారు, నియమాలు ఇంచుమించు ఒకటే, ఎవరికీ కొత్తగా నేర్పనక్కరలేదు. ఒకటే షరతు పెట్టండి: ఒక ఆట కుడికాలితో అయితే మరుసటి ఆట ఎడమకాలితో ఆడాలి. ఒప్పులకుప్ప తిరిగి ఆగిన వెంటనే గీత మీద నిలబడమంటే లోపలి చెవికి ఎటువంటి పరీక్షో ఫిజియో గారే చెప్పాలి.

అడయారు ఫిజియో

మంచి పరీక్షే. చెవి లోపలి నాళికల్లోని ద్రవం మనిషి ఆగాక కూడా కాసేపు కదులుతూ ఉంటుంది కనుక ఇంకా తిరుగుతున్నట్టే మెదడుకు కబురు వెళుతుంది, దానిని కళ్లతో, పాదాలతో సరిపోల్చుకోవలసి వస్తుంది. అయితే కొద్ది చుట్లు చాలు, మెత్తని నేల ఉండాలి. భోజనం పీరియడ్ తర్వాత మాత్రం చేయించవద్దు. శుభ్రం చేయవలసింది మీరే.

విల్లివాక్కం మాస్టారు

తాళం పద్ధతి గీతమీద, నేలమీద చాలా బాగుంటుంది, నేనూ వాడుకుంటాను. ఎత్తులో ఉన్న బీమ్ మీద మాత్రం దానికి నేను ఒప్పుకోను. తాళం నలుగురినీ ఒకేసారి అడుగు వేయమంటుంది, బీమ్ మీద ఉన్న పిల్లవాడు తాను నిలదొక్కుకున్నాకనే అడుగు వేయాలి. తాళం తప్పుతుందన్న కంగారులో సిద్ధంగా లేకుండానే కాలు ఎత్తేవాళ్లను చూశాను.

పెరంబూరు టీచర్

మీ అందరికీ కృతజ్ఞతలు. ఈ వారం వరండాలో గీతలు గీసి, తాళంతో, చింతగింజల సంచులతో పాఠం నడిపించాను. చేతిరుమాలు పద్ధతికి రెండో తరగతిలో చాలామంది అప్పుడే అలవాటు పడుతున్నారు. పాప తల్లిదండ్రులతో మాట్లాడాను, చెవి పరీక్షకు తీసుకువెళ్తామన్నారు.

ఇంకో రెండు సందేహాలు. కదలకుండా నిలిచే భంగిమల్లో ఏవి, ఎంతసేపు చేయించాలి? పిరమిడ్ విషయంలో కరస్పాండెంట్ గారు ఇంకా పట్టుబడుతున్నారు. "పక్క స్కూల్లో చేశారు కదా" అన్నది ఆయన వాదన.

విల్లివాక్కం మాస్టారు

అమ్మా, భంగిమలకు పరికరమేదీ అక్కరలేదు. "శరీరంలో నాలుగు చోట్లు మాత్రమే నేలను తాకేటట్టు నిలవండి" అని చెప్పండి. తర్వాత మూడు, ఆపైన రెండు, చివరకు ఒకటి. రెండు చేతులు ఒక పాదం, ఒక మోకాలు ఒక చెయ్యి, పిరుదులు మాత్రమే ఆని కాళ్లు పైకి లేపి కూర్చోవడం. పిల్లలు మనకు తోచనివి కూడా కనిపెడతారు. ఆధారం వెడల్పుగా ఉన్నప్పుడు తేలిక, ఆధారాలు దగ్గరకు వచ్చినకొద్దీ కష్టమన్న సూత్రం ఉపన్యాసం లేకుండానే వాళ్లకు తెలిసిపోతుంది. ఒంటికాలి భంగిమల్లో మొదట వృక్షాసనం, తర్వాత ఒక కాలు వెనక్కి లేపి చేతులు చాచి నిలిచే స్కేల్. స్కేల్‌లో కాలు ఎంత ఎత్తుకు లేచిందో చూడకండి, ఛాతీ కిందికి వాలకుండా ఉందో లేదో చూడండి. అరికాలిలో మడమ, బొటనవేలి మొదలు, చిటికెనవేలి మొదలు, ఈ మూడూ నేలను ఒత్తుతుంటే చాలు. పోటీల్లో ఇటువంటి భంగిమను 2 సెకన్లు నిలపాలి. మీరు మూడు లెక్కపెట్టించండి; అంతకుమించి స్టాప్‌వాచ్ పట్టుకుని పోటీ పెడితే ఊపిరి బిగబట్టి, కొయ్యబారి నిలబడతారు. తలకిందులుగా నిలిచే శీర్షాసనాన్ని ఈ తరగతులకు పూర్తిగా వదిలేయండి. మెడమీద బరువు మోసే వయసు కాదు.

జంటగా చేసే భంగిమలు పిల్లలకు చాలా ఇష్టం. ఇంచుమించు ఒకే ఎత్తు, ఒకే బరువు ఉన్న ఇద్దరు ఎదురెదురుగా నిలబడి, వేళ్లు కాకుండా మణికట్లు పట్టుకుని, వెనక్కి ఒరిగి, కలిసి కూర్చుని లేవాలి. వీపులు ఆనించి లేవడం కూడా అటువంటిదే. ఒకరు మోకాళ్లు, చేతులమీద బల్లలా ఉంటే, ఇంకొకరు తన మోకాలును ఆ కింది బిడ్డ తుంటిమీద గాని భుజాలమీద గాని ఆనించవచ్చు, నడుము మధ్యలో మాత్రం ఎన్నడూ కాదు. దిగేటప్పుడు దూకరాదు, ఎక్కిన వరుసకు తిరుగు వరుసలో దిగాలి.

మూడంతస్తుల పిరమిడ్ సంగతి ఆయనకు ఇలా చెప్పండి. మహారాష్ట్రలో మనుషులు పిరమిడ్‌లా ఒకరిమీద ఒకరు ఎక్కి ఉట్టి కొట్టే దహీ హండీలో పైకెక్కే పిల్లల భద్రత గురించి కోర్టుల దాకా వెళ్లి, 14 ఏళ్ల లోపు పిల్లలను పాల్గొననివ్వబోమని మహారాష్ట్ర ప్రభుత్వం 2017లో బొంబాయి హైకోర్టుకు చెప్పవలసి వచ్చింది. అక్కడ తరతరాలుగా సాధన చేసే బృందాల విషయంలోనే ఆ పరిస్థితి ఉంటే, వారానికి రెండు పీరియడ్లు నేర్చుకున్న మూడో తరగతి పిల్లల సంగతి ఆలోచించమనండి. కింద ఉన్న బిడ్డ వెన్నుమీద ఇద్దరి బరువు పడుతుంది, పైనున్న బిడ్డ పడితే పట్టుకునే పెద్దలు అంత దగ్గరగా వేదికమీద ఉండరు. పక్క పాఠశాలలో ప్రమాదం జరగలేదన్నది వాళ్ల అదృష్టం, పద్ధతి మంచిదనడానికి రుజువు కాదు. దానికి బదులు ఒకే అంతస్తులో, పన్నెండు మంది జంటలుగా, ముగ్గురేసిగా కలిసి చేసే భంగిమలను వరుసగా మార్చుకుంటూ పోయే అంశం చేయండి. వెనుక వరుసలో నిలబడినవారు, మధ్యలో మోకాళ్లపై ఉన్నవారు, ముందు కూర్చున్నవారు కలిస్తే ప్రేక్షకులకు పిరమిడ్ ఆకారమే కనిపిస్తుంది, ఎవరూ ఎవరి మీదా ఎక్కనక్కరలేదు.

అడయారు ఫిజియో

మాస్టారు చెప్పిన తుంటి, భుజాల నియమాన్ని నేను మరింత గట్టిగా చెబుతాను. మోకాళ్లమీద ఉన్న బిడ్డ నడుము కిందికి కుంగుతున్నట్టు కనిపిస్తే మూడు లెక్కపెట్టేదాకా కూడా ఆగవద్దు, వెంటనే దించేయండి. అలాగే, వద్దన్న బిడ్డను బలవంతం చేయకండి. ఏ ఎత్తున నడవాలో తానే ఎంచుకునే వీలుంటే భయపడే పిల్లలు త్వరగా ముందుకు వస్తారు. బెంచీకి అటూ ఇటూ కాళ్లు వేసి కూర్చుని, చేతులతో జరుపుకుంటూ చివరికి చేరడం కూడా వారికి మొదటి మెట్టుగా లెక్కే.

పెరంబూరు టీచర్

పిరమిడ్‌కు బదులు ఆ అంశాన్ని కరస్పాండెంట్ గారు ఒప్పుకున్నారు. బీమ్ మాత్రం వేదికమీద ఉండాలన్నారు. మోకాలి కంటే తక్కువ ఎత్తున, తమంతట తాము నడుస్తామన్న ఐదో తరగతి పిల్లలతో పెట్టుకుంటానని చెప్పాను. వేదిక చెక్కది, మ్యాట్లు నాలుగే ఉన్నాయి. వాటిని ఎలా పరచాలి?

విల్లివాక్కం మాస్టారు

నాలుగూ బీమ్ కిందా పక్కలా పరచి, మ్యాట్‌కూ మ్యాట్‌కూ మధ్య సందు లేకుండా చూడండి. పక్కకు దిగిన పాదం ఆ సందులో పడితేనే చీలమండ మెలిక పడుతుంది. బీమ్ కాళ్ల అడుగు భాగాలు బయటికి పొడుచుకువస్తే వాటిని తప్పనిసరిగా కప్పండి. నాలుగు చాలకపోతే రెండు చివరలనూ వదిలేసి, నడక మధ్యభాగానికే పరిమితం చేయండి, లేదా ఏదైనా క్లబ్బు నుంచి ఒక రోజుకు అద్దెకు తెచ్చుకోండి. చెక్క వేదిక అడుగుల చప్పుడుకే అదురుతుంది కనుక, బీమ్ మీద పిల్లలు ఉన్నంతసేపూ దానిమీద వేరెవరూ నడవకూడదు. కనీసం ఒక్కసారి రాత్రిపూట, లైట్లన్నీ వేసి అక్కడే సాధన చేయించండి. ఎదురు లైటు కళ్లలో పడితే చివరన ఉన్న చుక్క కనిపించదు; ఆ లైటును పక్కకు తిప్పించి, ఫోన్ల ఫ్లాష్ వాడవద్దని తల్లిదండ్రులకు అంశం మొదలయ్యే ముందే మైకులో చెప్పించండి.